క్షయ నమూనాల రవాణా - మన బాధ్యత, మన రక్షణ

(తపాలా, రైల్వే ఉద్యోగుల ఉమ్మడి అధ్యయన తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఈ తరగతికి వస్తూ, జీతభత్యాలను గురించో పెన్షనును గురించో మాట్లాడుతామని మీలో అనేకులు అనుకొని ఉంటారు. ఆ విషయాలు చెప్పడానికి మధ్యాహ్నం ఇతర మిత్రులున్నారు. మేము మాత్రం ఒక చిన్న అట్టపెట్టెను గురించి మాట్లాడదలచినాము. బరువు చూస్తే కిలోకు అటూ ఇటూ ఉంటుంది. అందులో ఉండేది క్షయ అనుమానమున్న మనిషి దగ్గి ఉమ్మిన కఫం. మన పల్లెలలో దానిని తెమడ అంటారు, కళ్ళె అంటారు. పేరు చెప్పగానే ముఖం తిప్పుకొనే వస్తువు. ఆ వస్తువు మన సంచులలో, మన బండ్లలో, మన చేతుల మీదుగా ప్రయాణం చేస్తున్నది. దానిని గురించి మనకెవరూ సరిగా చెప్పలేదు. అడిగి తెలుసుకొనే పని మేమూ చాలాకాలం చేయలేదు.

కొన్ని సంవత్సరాల క్రితం, మండు వేసవిలో, ఒక సార్టింగు ఆఫీసులో సంచి విప్పగా అటువంటి పెట్టె ఒకటి మూల తడిసి కనిపించింది. పైన జీవసంబంధమైన ప్రమాదాన్ని సూచించే గుర్తు ఉన్నది. అంతే, హాలంతా ఖాళీ అయింది. పై అధికారి ఆ పెట్టెను ఎత్తి పక్కన పెట్టమని ఆజ్ఞాపించాడు. ఎవరిని? పర్మనెంటు ఉద్యోగిని కాదు, దినకూలీకి వచ్చే ఒక కుర్రవాడిని. వాడు చేతిగుడ్డతో పట్టుకొని కిటికీ దగ్గర పెట్టాడు. కిటికీలోనుంచి ఎండ నేరుగా పడుతున్నది. అక్కడ ఆ పెట్టె రెండు రోజులు ఉన్నది. మూడవ రోజున పంపినవారికే తిప్పి పంపివేశారు.

మమ్మల్ని పిలిచారు. మేము వెళ్ళి చేసిన మొదటి పని, ఇక మీదట అటువంటి పెట్టెలను మా సభ్యులు ముట్టరని నోటీసు రాసి ఇవ్వడం. ఆనాడు అది న్యాయమైన పోరాటమనే అనుకొన్నాము. వారం తిరిగిన తరువాత ఒక ప్రయోగశాల టెక్నీషియను, తానుగా మా ఆఫీసుకు వచ్చి, రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, పెట్టె తడిసినది కఫంతో కాదు, మంచునీళ్ళతో. పంపినవారు జెల్ ప్యాకులు దొరకక, పాలిథీన్ సంచిలో మంచుముక్కలు పోసి పెట్టారు. అవి కరిగినవి. గొట్టాలు రెండూ మూత బిగువుగానే ఉన్నవి. రెండవది, ఆ గొట్టాలలో ఒకటి రైల్వే గ్యాంగులో పని చేసే మన మనిషిదే. నెలల తరబడి మందులు మింగుతున్నా గుణం కనిపించక, మందులకు లొంగని క్షయ అయి ఉండవచ్చునని డాక్టరు అనుమానించి ఆ నమూనాను పంపించాడు. ఎండలో ఉడికిన నమూనా ప్రయోగశాలకు చేరినా పనికి వచ్చేది కాదు. మళ్ళీ కఫం తీయాలి, మళ్ళీ పంపాలి, మళ్ళీ ఎదురుచూడాలి. ఆ మనిషి బ్రతికాడు. కాని ఆ మధ్యకాలంలో ఇంట్లో ఆయన కుమార్తెకు కూడా జబ్బు బయటపడింది. ఆ ఆలస్యం వల్లనే సోకిందని మేము చెప్పలేము. కాదని చెప్పే ధైర్యమూ మాకు లేదు. మా నోటీసు కాగితం ఇప్పటికీ ఫైలులో ఉన్నది.

అందుచేత ఈ విషయాన్ని మొదటినుంచి చెప్పుకొందాము.

1882 మార్చి 24న రాబర్ట్ కోహ్ బెర్లిను నగరంలో క్షయ క్రిమిని ప్రకటించిన నాటినుంచి, ఈ రోగానికి ప్రధానమైన పరీక్ష కఫాన్ని గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడడమే. చవకైనది, త్వరగా అయ్యేది. కాని ఒక మిల్లీలీటరు కఫంలో సుమారు పదివేల క్రిములుంటే తప్ప అది పట్టలేదు. పట్టినా, ఆ క్రిమి ఏ మందుకు చస్తుంది, ఏ మందుకు చావదు అన్నది చెప్పలేదు. ఆ సంగతి చెప్పేవి వేరే పరీక్షలు. జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. మనవారు సీబీనాట్ అంటారు. అది సుమారు రెండు గంటలలో క్షయ ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో చెప్పివేస్తుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాలు కూడా ఆ పని చేస్తున్నవి. ఇవి ఇప్పుడు అనేక చిన్న ఆసుపత్రులకు కూడా చేరినవి. కాని మిగిలిన మందులన్నిటి సంగతీ తేల్చాలంటే క్రిమిని ప్రయోగశాలలో పెంచవలసిందే. ద్రవ మాధ్యమంలో 42 రోజుల వరకు చూస్తారు. గుడ్డుతో చేసే ఘన మాధ్యమంలో ఎనిమిది వారాల వరకు పడుతుంది. ఆ వసతి ఉన్న ప్రయోగశాలలు పెద్ద నగరాలలోనే ఉన్నవి. వాటిపైన చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ, ఆగ్రా వంటి చోట్ల జాతీయ స్థాయి ప్రయోగశాలలున్నవి. రోగి ఊళ్ళో ఉంటాడు, ప్రయోగశాల నగరంలో ఉంటుంది, మధ్యలో మనమున్నాము.

పూర్వం రోగియే ప్రయాణం చేసేవాడు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఏర్పడినది. దక్షిణాదినుంచి ఎందరో రైలెక్కి అక్కడికి వెళ్ళినవారే. వెళ్ళినవారందరూ తిరిగి రాలేదు. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, మందులు క్రమంగా వాడితే శానిటోరియంలో పడుకొన్నవారికీ ఇంటి దగ్గర ఉన్నవారికీ గుణంలో తేడా లేదని నిరూపించింది. ప్రపంచమంతా ఆ ఫలితాన్ని అంగీకరించింది. పేదవాడు ఇల్లూ పనీ వదలి మంచాన పడి ఉండవలసిన అవసరం ఆనాటితో తీరింది. మనిషి ఇంటి దగ్గరే ఉండగలిగాడు కనుక, ఈనాడు అతని బదులు కఫం ప్రయాణం చేస్తున్నది.

2018లో ఢిల్లీలోని కరావల్ నగర్‌లో తపాలా ఉద్యోగుల ద్వారా నమూనాలను పంపే ప్రయోగాన్ని ప్రభుత్వం ప్రారంభించింది. తరువాత ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాలలో అది విస్తరించింది. 2020లో కరోనా కాలంలో పరీక్షా సామగ్రిని ప్రయోగశాలలకు చేరవేసినదీ తపాలా ఉద్యోగులే. అంతకుముందు ఆరోగ్య కార్యకర్తలు బస్సులలో ఒడిలో పెట్టుకొని తీసుకొని వెళ్ళేవారు, లేదా ప్రైవేటు కొరియర్లకు ఇచ్చేవారు. కొరియరు లాభమున్న ఊరికి వెళ్తాడు. లాభం లేని ఊరికి వెళ్ళేది మనమే. ఈ పని మనకు రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక నమూనా సంగతి. దీనిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే దారిలో జరిగే నష్టాలలో సగం మన దగ్గరకు రాకముందే మొదలవుతవి.

రోగి ఇవ్వవలసినది ఉమ్మి కాదు, ఊపిరితిత్తుల లోపలినుంచి వచ్చిన చిక్కని కఫం. నీళ్ళతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోతుగా దగ్గి, వెడల్పు మూతి ఉన్న డబ్బాలోకి గాని గొట్టంలోకి గాని ఉమ్మాలి. రెండునుంచి అయిదు మిల్లీలీటర్లు ఉంటే చాలు. తెల్లవారుజామున లేవగానే తీసిన నమూనా మేలైనది, రాత్రంతా లోపల చేరినది వస్తుంది కనుక. ఇదంతా ఆరుబయట, గాలి వెలుతురు ఉన్నచోట, ఎదుట ఎవరూ లేకుండా జరగాలి. మరుగుదొడ్డిలోనో, ఆసుపత్రి వరండాలో పదిమంది నడుమనో దగ్గించడం మనం కళ్ళారా చూస్తున్నాము. అది తప్పు. ఒక చెంచాడు లాలాజలాన్ని మూడువందల కిలోమీటర్లు మోసుకొని వెళ్ళితే మన శ్రమ, సర్కారు డబ్బు, రోగి కాలం, మూడూ వృథా.

మూత మరచీలుగా తిరిగేది కావాలి. బిగించిన తరువాత చుట్టూ పారాఫిల్ముతో చుట్టాలి. పేరు, సంఖ్య గొట్టం ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. ప్రయోగశాలలో మూతలు తీసిన తరువాత ఏ మూత ఏ గొట్టానిదో దేవుడికే తెలియాలి. తరువాత మూడు పొరల ప్యాకింగు. మొదటి పొర గొట్టమే. దాని చుట్టూ, పగిలినా మొత్తం పీల్చుకొనేటంత దూది. రెండవ పొర, కారని గట్టి డబ్బా లేక జిప్ సంచి. మూడవది, దెబ్బలకు ఓర్చుకొనే గట్టి పెట్టె. చల్లదనం కోసం గడ్డకట్టించిన జెల్ ప్యాకులు రెండవ పొరకూ మూడవ పొరకూ మధ్య ఉండాలి. విడి మంచు పెడితే ఏమవుతుందో ఇంతకుముందు చెప్పినాము. పరీక్ష కోరుతూ డాక్టరు రాసిన ఫారమును వేరే సంచిలో పెట్టాలి. గొట్టానికి చుట్టి రబ్బరుబ్యాండు వేయరాదు. పిన్నులు, స్టేపులు అసలు కూడదు, సంచికి చిల్లు పడుతుంది. పెట్టె మీద వజ్రాకారపు గడిలో యు.ఎన్. 3373 అనే ముద్ర ఉంటుంది. రోగ నిర్ధారణకు పంపే నమూనా అని దాని అర్థం. ప్రయోగశాలలో పెంచిన క్రిములు దీనికంటె ప్రమాదకరమైన తరగతికి చెందినవి, వాటి ప్యాకింగు నిబంధనలు వేరు. అటువంటిది మామూలు సంచిలో కనిపిస్తే తీసుకోకుండా పై అధికారికి రాతపూర్వకంగా తెలపండి.

చల్లదనం ఎందుకు? ఇది తెలిస్తే ఆ పెట్టెను మనం చూసే చూపు మారుతుంది. క్షయ క్రిమి సోమరి. ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నోటినుంచి దానితోపాటు వచ్చిన మామూలు క్రిములు, వెచ్చగా ఉంటే అరగంటలోపే రెట్టింపు కాగలవు. మే నెలలో పార్శిల్ ఆఫీసు రేకుల షెడ్డు కింద ఒక పగలు పెట్టె ఉండిపోయిందంటే, ఆ గొట్టంలో మామూలు క్రిములు కోటానుకోట్లు అవుతవి. ప్రయోగశాలలో వాటిని చంపడానికి గట్టి మందు వేస్తారు, ఆ దెబ్బకు క్షయ క్రిమి కూడా చస్తుంది. వేయకపోతే పెంచే గొట్టమంతా మామూలు క్రిములు కమ్ముకొంటవి. ఎటు చూసినా వారాల తరువాత వచ్చే ఫలితం "నమూనా చెడిపోయినది" అనే మాట. 2నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, 72 గంటలలోపు చేర్చాలనే నియమం అందుకొరకే.

మంచు దొరకని కాలంలో సీపీసీ అనే రసాయనాన్ని కఫంలో కలిపి పంపేవారు. అది మామూలు క్రిములను అణచి, క్షయ క్రిమిని కొన్ని రోజులు బ్రతకనిస్తుంది. అయితే దానిని ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కట్టి పని చేయదు. మంచిపని చేద్దామని ఎవరో ఆ గొట్టాలను ఫ్రిజ్‌లో పెట్టి చెడగొట్టిన కథలు ప్రయోగశాలల వారు చెబుతుంటారు. ఏ పెట్టెను ఎలా ఉంచాలో పైన రాసి ఉండాలి. రాయకపోతే మనవాడిది తప్పు కాదు.

మిత్రులారా, 72 గంటలు అంటే మూడు రోజులు. వినడానికి చాలా కాలం అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. శుక్రవారం సాయంత్రం గ్రామంలోని బ్రాంచి పోస్టాఫీసులో తీసుకొన్న పెట్టె శనివారం సబ్ ఆఫీసుకు చేరి, ఆదివారం ఎక్కడో ఒకచోట నిలిచిపోయి, సోమవారం బండి ఎక్కితే ఎప్పటికి చేరుతుంది? చేరినా ప్రయోగశాల తలుపు తెరచి ఉన్న వేళకు చేరుతుందా? జెల్ ప్యాకు చల్లదనం ఆదివారం రాత్రికే పోతుంది. ఇది ఉద్యోగి సోమరితనం వల్ల జరిగేది కాదు. సార్టింగు కేంద్రాలను మూసివేసి, విలీనం చేసి, దగ్గరి ఊరి ఉత్తరాన్ని కూడా దూరపు కేంద్రానికి తీసుకొని వెళ్ళి వెనక్కి తెచ్చే ఏర్పాటు చేసినవారు దీనికి సమాధానం చెప్పాలి. నమూనాలు తీసే ఆసుపత్రులకు మనమే చెప్పవలసినది కూడా ఒకటున్నది. వారం మొదటి రోజులలోనే తీయండి, మా సంచి కట్టే వేళ ఇది అని టైము పట్టిక రాసి ఇవ్వండి. ఒక చోట మన బ్రాంచి వారు అలా రాసి గోడకు అంటించారు. పైవారి ఉత్తర్వు ఏదీ అక్కరలేకపోయింది.

ఇప్పుడు మీ మనసులలో ఉన్న ప్రశ్నకు వస్తాము. ముట్టుకొంటే అంటుకొంటుందా?

అంటుకోదు. క్షయ గాలి ద్వారా వచ్చే రోగం. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు లేచే అతి సన్నని తుంపరలను పీల్చడం వల్ల వస్తుంది. మూత బిగించిన గొట్టం, దాని మీద రెండు పొరలు ఉన్న పెట్టెను మోయడం వల్ల రాదు. నిజం చెప్పాలంటే, కిటికీలు మూసిన సార్టింగు హాలులో మూడు వారాలుగా దగ్గుతూ పరీక్ష చేయించుకోని తోటి ఉద్యోగి వల్ల మనకున్న ప్రమాదం ఆ పెట్టె వల్ల ఉన్నదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. వారు ఎక్కడో లేరు. రన్నింగు రూములలో, గ్యాంగు హట్లలో, మన క్వార్టర్లలో ఉన్నారు.

అయినా పెట్టె నిజంగా పగలవచ్చు. పగిలితే ఏమి చేయాలో ప్రతి ఆఫీసులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. అందరూ బయటకు రావాలి. కిటికీలు తెరవాలి, ఫ్యాను వేయరాదు. అరగంట ఆగాలి. తరువాత చేతితొడుగులు, ఎన్-95 మాస్కు ధరించిన మనిషి ఆ చోట గుడ్డ పరచి, దాని మీద ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ గాని అయిదు శాతం ఫినాల్ గాని పోసి, మళ్ళీ అరగంట వదిలి, ఆ తరువాత తీయాలి. చీపురు పెట్టి ఊడ్వరాదు, దుమ్ముతోపాటు క్రిములు లేస్తవి. ఈ సామగ్రి అంతా ఒక చిన్న బకెట్టులో పడుతుంది. ఆ బకెట్టు మన ఆఫీసులలో ఎన్నింటిలో ఉన్నదో మీరే చెప్పండి.

చట్టం ఏమి చెబుతున్నది? 1898 నాటి తపాలా చట్టం 19వ సెక్షను, నిబంధనలు అనుమతించిన మేరకు తప్ప, ప్రమాదకరమైన, అసహ్యకరమైన వస్తువులను తపాలాలో పంపరాదన్నది. ఆనాడు మేము రాసిన నోటీసుకు ఆధారం అదే. "అనుమతించిన మేరకు తప్ప" అన్న ముక్కను మేము చదవలేదు. ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త తపాలా చట్టం 2024 జూనులో అమలులోకి వచ్చినది. నమూనాల రవాణా ప్రభుత్వమే పెట్టిన పని. కనుక తీసుకోము అనడం ఇక మన మాట కాదు. ఏ షరతుల మీద తీసుకొంటాము అన్నదే మన మాట.

ఆ షరతులలో అన్నిటికంటె ముఖ్యమైనది గ్రామీణ డాక్ సేవకుల సంగతి. పెట్టె మొదట చేతిలోకి తీసుకొనేది అతడే. సైకిలు మీదనో సొంత మోటారుసైకిలు మీదనో తీసుకొని వెళ్ళేది అతడే. కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనలలో క్షయ చికిత్స పొందుతున్న తాత్కాలిక ఉద్యోగికి సైతం 18 నెలల వరకు జీతం లేని ప్రత్యేక సెలవు ఇవ్వడానికి వీలున్నది. ఉద్యోగం పోదు. డాక్ సేవకుడు ఆ నిబంధనల పరిధిలోకి రాడు. అదనపు శాఖా ఉద్యోగులది సివిల్ పోస్టే అని సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో 1977లోనే చెప్పినది. చెప్పి ఎన్ని ఏళ్ళయినదో లెక్క వేయండి. క్షయ పెట్టెను మోయడానికి పనికి వచ్చినవాడు, తనకే క్షయ వస్తే సెలవుకు పనికి రాడా? రైల్వే వైపు పార్శిల్ ఎత్తే కాంట్రాక్టు కూలీల స్థితీ ఇదే. ఆ సార్టింగు ఆఫీసులో పెట్టె ఎత్తిన కుర్రవాడికి ఆ రోజు ఒక జత తొడుగులు కూడా ఎవరూ ఇవ్వలేదన్నది మరచిపోకండి.

1923 నాటి కార్మిక పరిహార చట్టం మూడవ షెడ్యూలులో, సోకే ప్రమాదం ప్రత్యేకంగా ఉన్న పనిలో వచ్చిన అంటురోగాలు వృత్తి వ్యాధులుగా చేర్చబడినవి. 2025 నవంబరులో దాని స్థానాన్ని ఆక్రమించిన సామాజిక భద్రతా స్మృతిలో కూడా వృత్తి వ్యాధుల షెడ్యూలు ఉన్నది. నమూనాలు మోసే పని ఆ మాటలలోకి వస్తుందని మనం వాదించాలి. వాదించాలంటే రికార్డు కావాలి. ఏ తేదీన ఎన్ని పెట్టెలు, ఎవరి చేతిమీదుగా, ఏ పెట్టె కారినది అన్నది ఒక నోటుబుక్కులో రాసి ఉంచండి. పని మొదలు పెట్టేటప్పుడు ఒక ఛాతీ ఎక్స్‌రే, ఏడాదికొక పరీక్ష అడగండి.

ఇంకొక్క మాట, ఇది మనవారికే. పెట్టె పైన రోగి పేరు ఉండరాదు, సంఖ్య మాత్రమే ఉండాలి. ఒక ఊళ్ళో పెట్టె మీది పేరు చదివి మనవాడొకడు టీ బడ్డీ దగ్గర చెప్పాడు. పెళ్ళి కుదిరిన అమ్మాయి. పరీక్షలో క్షయ లేదని తేలింది, కాని ఆ లోపే సంబంధం తప్పిపోయింది. పోస్టుకార్డు మీద రాసినది కూడా చదవని మనిషి అని తపాలావాడిని నమ్మిన దేశమిది. పేరు పైన రాసి పంపే ఆసుపత్రిది మొదటి తప్పు, నోరు జారినవాడిది రెండవది. మొదటి తప్పు ఉన్నదని రెండవది చిన్నది కాదు.

రైల్వే మిత్రులు తెలుసుకోవలసిన మరో సంగతి. చికిత్సకు వెళ్ళే క్షయ రోగికి రెండవ తరగతిలో, స్లీపరులో 75 శాతం రాయితీ ఉన్నది, తోడు వచ్చేవారికి కూడా. ఈ సంగతి టిక్కెట్టు కిటికీ దగ్గర రోగికి ఎవరూ చెప్పడం లేదు. నెలకు 1000 రూపాయల పోషకాహార సహాయం 2024 నవంబరునుంచి ఉన్నది, అంతకుముందు 500. మన సభ్యులలో చికిత్స పొందుతున్నవారు సిగ్గుపడి ఆ డబ్బు కూడా అడగడం లేదు.

వేసవి రాకముందే ప్రతి బ్రాంచి మూడు విషయాలు చూసి రాసి పంపండి: మీ ఆఫీసులో ఆ బకెట్టు ఉన్నదా, పెట్టెలు నీడలో పెట్టే చోటున్నదా, ఆదివారం ఎక్కడ నిలిచిపోతున్నవి. ఆ కాగితాలతోనే మేము పైవారిని కలుస్తాము. ఇక ప్రశ్నలు అడగండి. పార్శిల్ ఆఫీసు మిత్రులు అప్పటినుంచి చేయి ఎత్తి ఉన్నారు, మొదట వారిని మాట్లాడనివ్వండి.